గంతకు తగ్గ బొంత: మిగతా ముక్క ఎవరికైనా గుర్తుందా?

కావలి కుట్టుమిషను
మా జేజివి (అవ్వవి) పాత వెంకటగిరి నూలు చీరలు నాలుగు బీరువాలో పడున్నాయి. అక్కకు పుట్టిన పాపకి పక్కలోకి బొంత కుడదామని తీశాను. బండల మీద పరుస్తుంటే జేజి ఎప్పుడూ అంటుండే మాట ఒకటి నోటి దాకా వచ్చి సగంలో ఆగిపోయింది. గంతకు తగ్గ బొంత అని అందరూ అంటారు కదా, ఆమె ఒట్టి అంతే అనేది కాదు. దానికి ఇంకో ముక్క ఉండేది, అదీ కుట్టుపని మాటే. మూడు రోజులుగా అదే గోల, అన్నం తింటున్నా అదే. ఎవరికైనా తెలిస్తే చెప్పండి. సామెత అర్థం నాకు తెలుసు, పెళ్లిసంబంధాల జోకులు వద్దు.

పెన్నొడ్డు
ముక్క సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒకటి చెప్పమ్మా, ఆమె గంత అనేదా, కంత అనేదా? మా ఆత్మకూరు వైపు కంచెకి పడితే కంత, గోడకి పడితే కంత, పంచెకి పడితే కంత. ఆ కంత ఎంతుందో చూసుకుని దానికి సరిపడా గుడ్డ వెయ్యాలి. కంతకు తగ్గ బొంత. నేను నలభై ఏళ్లుగా ఇదే చెబుతున్నా, వినేవాడు లేడు.

కావలి కుట్టుమిషను
గంత అనే గుర్తు. కంత అని అంటే నాకు విచిత్రంగా ఉండేది, గుర్తుండేది.

ఒంగోలు గిత్త
పెన్నొడ్డు అన్నా, చిరుక్కు వేసే ముక్కని బొంత అని ఎవరంటారు? అది మాసిక. బొంత అంటే పొరలు పొరలుగా వేసి కుట్టింది. బైబిల్లో కూడా పాత బట్టకు కొత్తబట్ట మాసిక వేయడు అనే ఉంది, బొంత వేయడు అని లేదు.

గంత అంటే ఎద్దు వీపు మీద వేసేది. మా తాత నోట విన్నా. సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు పెరికెద్దుల మీద పడమటి ఊళ్లకి పోయిన రోజుల మాట అది. బరువు ఒరుసుకుని వీపు పుండు పడకుండా గంత కింద బొంత. గంత ఎంత మోటుగా ఉంటే బొంత అంత మందం. ఇందులో కంతల్లేవు.

పెన్నొడ్డు
మరి కళ్లకు కట్టే గంతలు కూడా ఎద్దు వీపు మీద నుంచి తీసి కట్టారా?

ఒంగోలు గిత్త
కప్పేది ఏదైనా గంతే. వీపుని కప్పితే వీపు గంత, కళ్లని కప్పితే కళ్ల గంత. గానుగెద్దుకి కట్టేదాన్ని ఏమంటారు మీ ఆత్మకూరులో, కంతలా?

అటకమీది పుస్తకం
ఇద్దరూ తెలుగులోనే తిరుగుతున్నారు. కంథ అనే సంస్కృతం మాట ఉంది. భజగోవింద శ్లోకాల్లో 'రథ్యాచర్పటవిరచితకంథః' గుర్తులేదా? దారిలో ఏరిన పీలికలతో కుట్టుకున్న బొంత కప్పుకున్న యోగి. బెంగాలు వైపు ఆడవాళ్లు పాత చీరలు పొరలు వేసి కుట్టే కాంథా కూడా ఇదే మాట. అమ్మాయి ఇప్పుడు చేస్తున్న పని అక్షరాలా అదే. కంథ కాస్తా కంత అయింది, కంత గంత అయింది.

పెన్నొడ్డు
చూశారా, మధ్యలో కంత అయింది అని ఆయనే ఒప్పుకున్నాడు.

పొదిలి మిరపకాయ
కంథ అంటే బొంత అయితే సామెత 'బొంతకు తగ్గ బొంత' అయింది. ఇడ్లీకి తగ్గ ఇడ్లీ అన్నట్టుంది.

అటకమీది పుస్తకం
అయితే ఏం? ఇద్దరూ ఇద్దరే అనడానికి అంతకంటే మంచి మాట ఏముంది? ఒకటి సంస్కృతం బొంత, ఒకటి తెలుగు బొంత. జంట కుదిరిందనే కదా సామెత.

అద్దంకి మాస్టారు
ఆలస్యంగా చూశాను. కంథ వాదానికి ఒక్కటే అడ్డు. ఈ సామెతకి ప్రాణం 'ంత'. గంత, బొంత. థకారానికి తకారంతో ప్రాస వేస్తే పల్లెటూరి ముసలమ్మ కూడా ఒప్పుకోదు. వాళ్ల చెవులు మన చెవుల కంటే గట్టివి.

కంత వాదం మాత్రం కొట్టిపారేసేది కాదు. అయితే పదం మొదట్లో ఉన్న క ఊరికే గ కాదు. దాని ముందు ద్రుతాంతం, అంటే చివర న్ ఉన్న మాట, ఉండాలి. అంటే 'గంతకు' అనేది వాక్యానికి మొదలు కాదన్నమాట. అమ్మాయి రెండో ముక్క, రెండో ముక్క అని వెతుకుతోంది. నన్నడిగితే పోయింది మొదటి ముక్క.

కావలి కుట్టుమిషను
మాస్టారూ, ఒళ్లు జలదరించింది. నిజమే అనిపిస్తోంది. జేజి మాట బొంత దగ్గర ఆగిపోయేది. బొంత అనగానే దారం తెంపేది.

ఒంగోలు గిత్త
జలదరించింది సరే, రుజువేది? ద్రుతం ఉందని ఊహించి, దాన్నిబట్టి కంత అని ఊహించి, దాన్నిబట్టి ముందు ముక్క ఉందని ఊహించడం. ఇది ఊహల బొంత.

అద్దంకి మాస్టారు
ఊహే. నేను కాదనలేదు. పద్ధతి మాత్రం ఊహ కాదు. మా ఎఱ్ఱన భారతంలో అరణ్యపర్వం అందుకున్న పద్యం తీసుకోండి. 'స్ఫురదరుణాంశురాగరుచిఁ బొంపిరివోయి'. ఉన్న మాట పొంపిరి. ముందు రుచిన్ అని ద్రుతం తగిలింది, పొ కాస్తా బొ అయింది. ఆ ముక్కని ఎవడైనా సగం నుంచి విని బొంపిరి అనే మాట ఉందనుకుంటే ఎలా ఉంటుందో, మనం గంత అనుకోవడం అలాగే ఉండొచ్చు.

పెన్నొడ్డు
మీరు ఎక్కడ మొదలుపెట్టినా ఎఱ్ఱన దగ్గరికే వస్తారు మాస్టారూ. మా నెల్లూరు తిక్కన పదిహేను పర్వాలు ఒంటిచేత్తో రాశాడు. మీ ఆయన సగం పర్వం.

అద్దంకి మాస్టారు
పదిహేను పర్వాలు కొత్త తానులోంచి కుట్టిన చొక్కాలు నాయనా. గొప్పవే, కాదన్నదెవరు? కానీ కుట్టుపని తెలిసినవాళ్లని అడుగు, కొత్త చొక్కా కష్టమా, సగం చినిగిన పట్టుపంచెకి అతుకు కనిపించకుండా వేయడం కష్టమా అని.

నన్నయ నాలుగో ఆశ్వాసం మధ్యలో వదిలేశాడు. ఆఖరి పద్యం శరత్కాలపు రాత్రులు. రెండువందల ఏళ్లు దాటాక ఎఱ్ఱన అందుకున్నాడు. ఎక్కడ? శరత్కాలపు పొద్దుల దగ్గర. రాత్రి ఆయన వదిలితే తెల్లవారడం ఈయన మొదలుపెట్టాడు. మొదట్లో నన్నయ పోగు, పోనుపోను తిక్కన పోగు, ఎక్కడ మారిందో వేలు పెట్టి చూపించలేం. పైగా తన పేరు పర్వం చివర తప్ప వేసుకోలేదు, నన్నయ రాసినట్టే రాజరాజనరేంద్రుడికే అంకితం. అతుకు వేసినవాడు అతుకు మీద సంతకం పెట్టలేదు.

ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. ఆ రెండు పద్యాలూ వెంటవెంటనే చదివిన రోజు క్లాసులో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు.

పొదిలి మిరపకాయ
మాస్టారూ, దండం. మీ క్లాసులో ఉండాల్సింది నేను.

కావలి కుట్టుమిషను
నా అతుకు మాత్రం పక్కింటి దాకా కనిపిస్తోంది. నాలుగు పొరలూ మిషను మీద పెట్టి కుడుతుంటే పై చీర ముందుకు తోసుకొచ్చి చివర్లో నాలుగు వేళ్ల మేర మిగిలిపోతోంది. మధ్యలో ముడతలు. చేత్తో కుట్టే ఓపిక లేదు. భాషా గ్రూపులో అడగకూడదేమో.

కత్తెర
అడగొచ్చమ్మా. నేను కందుకూరులో పాతికేళ్లు దర్జీ పని చేశాను, పద్యాలు రావు గానీ ఇది చెప్పగలను. మిషనుకి కింద పళ్లు ఉంటాయి చూడు, అవి అడుగు పొరని లాక్కుపోతాయి. పైన పాదం నొక్కి పట్టి పై పొరని ఆపుతుంది. అందుకే కిందిది పోతుంది, పైది మిగిలిపోతుంది. ముందు చీరలన్నీ ఒకసారి నీళ్లలో తీసి ఆరబెట్టు. నాలుగింటి పడుగూ ఒకే వైపు ఉండేట్టు పరువు. మధ్య నుంచి అంచులకి కచ్చాకుట్టు వెయ్యి, జానకొకటి. పాదం మీది ఒత్తిడి మర కాస్త వదులు చెయ్యి, కుట్టు పొడవు పెంచు. అన్ని వరసలూ ఒకే వైపు నుంచి కుట్టు. ఒకటి అటు నుంచి, ఒకటి ఇటు నుంచి కుడితే బొంత మెలి తిరుగుతుంది. సూది పద్నాలుగో నంబరు చాలు.

ఒంగోలు గిత్త
నాలుగు పొరలకి పద్నాలుగా? పదహారు వెయ్యాలి.

కత్తెర
అది గోనెసంచి కాదయ్యా, వెంకటగిరి చీర. పదహారు సూది దిగితే ప్రతి కుట్టు దగ్గరా కంత కనిపిస్తుంది.

పెన్నొడ్డు
కంత! దర్జీ నోటి నుంచే వచ్చింది. ఇంకేం కావాలి?

కత్తెర
నేను ఊరికే అన్నాను సార్, నన్ను ఇందులోకి లాగొద్దు. కానీ అడిగారు కాబట్టి చెబుతున్నా. సామెతలో నాకు గంత, కంత కంటే 'తగ్గ' దగ్గరే పని కనిపిస్తుంది. పాత గుడ్డకి కొత్త గుడ్డ అతికితే ఉతికినప్పుడు కొత్తది ముడుచుకుని పాతదాన్ని చింపుతుంది. తగ్గ అంటే కొలత ఒక్కటే కాదు, గుడ్డ వయసు కూడా. మా మేస్త్రి మాసిక వెయ్యాలంటే ఆ చొక్కా అడుగు మడతలోంచే ముక్క తీసేవాడు. అదే రంగు, అదే ఉతుకు.

అటకమీది పుస్తకం
ఈ మొత్తం చర్చలో పనికొచ్చిన మాట ఇదొక్కటే. అయినా నా కంథ వదలను.

పొదిలి మిరపకాయ
నాకో అనుమానం. బొంపిరి అసలు పొంపిరి అయినప్పుడు, బొంత అసలు పొంత ఎందుకు కాకూడదు? పొంత కుదరడం, జాతకాల పొంతన. గంతకు తగ్గ పొంత. జోడీ కుదరడమే కదా సామెతలో ఉన్నది.

ఒంగోలు గిత్త
మా ఇంట్లో పొంత అంటే నీళ్లు కాగే పొంతకాగు. గంతకి తగ్గ నీళ్లకుండా?

అద్దంకి మాస్టారు
మిరపకాయా, చురుకుగా ఉన్నావు గానీ కుదరదు. తగిన అనే మాట చివరి న ద్రుతం కాదు, దాని మీద ప, బ కాదు. ఈ వాక్యంలో ద్రుతం ఉన్నది 'కు' దగ్గర. వ్యాకరణం పట్టి రాస్తే గంతకుఁ దగిన అని త కాస్తా ద అవుతుంది. బొంత బొంతే. బొంతపురుగు, బొంతకాకి, బొంతజెముడు అన్నిట్లోనూ బ నిలబడే ఉంది.

పొదిలి మిరపకాయ
బొంతపురుగు అంటే సరే, ఒళ్లంతా నూగు కప్పుకుని ఉంటుంది. బొంతకాకి ఏం కప్పుకుంది మాస్టారూ?

పెన్నొడ్డు
మోటుది, పెద్దది అని. మామూలు కాకి కంటే బొంతకాకి లావు. అంటే బొంతకి మొదటి అర్థం మందమైనది, కుట్టింది అనే అర్థం తర్వాత వచ్చి ఉండొచ్చు. దీని మీద విడిగా ఒకటి మొదలుపెడతా.

ఒంగోలు గిత్త
మొదలుపెట్టు. మందమైనది అని నువ్వే అంటున్నావు కాబట్టి ఎద్దు వీపు మీద నేను గెలిచినట్టే.

కావలి కుట్టుమిషను
ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను. ముందు ముక్క ఉండేదని అమ్మ కూడా అంటోంది. మాస్టారు చెప్పినట్టే, ముందే. 'మా' అని మొదలయ్యేదట. మామ ఏమో, మాసిక ఏమో చెప్పలేకపోతోంది. నాలుగైదు మాటలే, చిన్నది.

అద్దంకి మాస్టారు
ఆ ముక్క చివర న్ ఉందా అమ్మా? ను, ని, కు, ఏదైనా సరే. గంతకి ఆనుకుని ఉన్న అక్షరం. అదొక్కటి చెప్తే తేలిపోతుంది.

పెన్నొడ్డు
మాసికనుం గంతకు! చూడండి ఎంత బాగా పడిందో.

ఒంగోలు గిత్త
అర్థం?

పెన్నొడ్డు
అర్థం తర్వాత కుడదాం.

కావలి కుట్టుమిషను
మాస్టారూ, మీరు అడిగింది అమ్మని మళ్లీ అడిగాను. నవ్వింది. జేజి కుట్టేటప్పుడు దారం పళ్ల మధ్య పట్టుకునే మాట్లాడేదట. గ అన్నదో, క అన్నదో, మధ్యలో న్ ఉందో లేదో ఆమె పక్కన కూర్చున్నవాళ్లకి కూడా తెలియదట. బొంత ఒక్కటే స్పష్టంగా వినిపించేది, అప్పటికి దారం తెంపేసేది కాబట్టి.

అటకమీది పుస్తకం
పాఠాంతరాలన్నీ ఇలాగే పుట్టి ఉంటాయి.

అద్దంకి మాస్టారు
మీ అమ్మగారి వైపు ఇంకెవరైనా పెద్దవాళ్లు ఉన్నారా? చెల్లెలో, ఆడబిడ్డో?

కావలి కుట్టుమిషను
వింజమూరులో జేజి చెల్లెలు ఉంది మాస్టారూ. పండక్కి వెళ్తాను, అడుగుతాను. ఆమె కూడా కుట్టేది.

కత్తెర అన్నా, కచ్చాకుట్టు వేశాక ముడత రాలేదు. పద్నాలుగు సూదే. అంచుకి జేజి ఎర్ర రవికె గుడ్డ పట్టీ వేద్దామనుకుంటున్నా. క్రాస్, అంటే ఐమూలగా, తియ్యాలా, నిలువు ముక్క చాలా?

కత్తెర
మూలలు చదరంగా ఉంటే నిలువు చాలు. గుండ్రం చేస్తే క్రాస్ తియ్యి, సాగుతుంది, ముడత పడదు. రవికె గుడ్డ పాతదేనా?

కావలి కుట్టుమిషను
చీరల ఈడుదే.

కత్తెర
అయితే వెయ్యి.