‘ప్రింట్ క్లియర్‌గా ఉంది’ అంటే ఏం చెప్పినట్టు?

బ్లూ-రే డిస్క్‌ల (డీవీడీ తర్వాత వచ్చిన సినిమా డిస్క్‌లు) మీద తెలుగులో రివ్యూలు రాసేవాళ్ళు, వీడియోల్లో చెప్పేవాళ్ళు దాదాపు అందరూ వాడే మాట ‘ప్రింట్ క్లియర్‌గా ఉంది’. దానికి తోడు ఇంకో రెండు, ‘క్లారిటీ అదిరింది’, ‘బొమ్మ సూపర్’. నాకు ఇంగ్లీషు మాటలతో పేచీ లేదు, క్లారిటీ ఎప్పుడో మనదైపోయింది. నా పేచీ ఏమిటంటే, ఇది విన్నాక ఆ డిస్క్ కొనాలో వద్దో తేల్చుకోడానికి ఒక్క ముక్క కూడా దొరకదు.

ముందు ‘ప్రింట్’ సంగతి. రీళ్ళ కాలంలో హాళ్ళకు పంపే కాపీని ప్రింట్ అనేవాళ్ళు. ఆడించేకొద్దీ దాని మీద గీతలు పడేవి, కాబట్టి ప్రింట్ ఎలా ఉంది అని అడగడంలో అర్థం ఉండేది. ఇప్పుడు శ్రద్ధగా డిస్క్ తయారుచేసేవాళ్ళు వీలైతే అసలు నెగెటివ్‌నే స్కాన్ చేస్తారు, అది పాడైతేనో దొరక్కపోతేనో ఇంటర్‌పాజిటివ్‌కి (నెగెటివ్ నుంచి నేరుగా తీసిన నకలు) పోతారు, అదీ లేకపోతే చివరికి హాలు ప్రింటే గతి. డిజిటల్ కెమెరాతో తీసిన సినిమాకైతే మధ్యలో ప్రింట్ అనే వస్తువే లేదు. దేన్నుంచి స్కాన్ చేశారన్నది అసలు ప్రశ్న, పాత సినిమా డిస్క్ రివ్యూలో నేను మొదట వెతికేది అదే, ‘ప్రింట్ బాగుంది’ అనేసరికి ఆ ప్రశ్న మాయమైపోతోంది.

‘బొమ్మ’తో ఇంకో చిక్కు. మనకు బొమ్మ అంటే సినిమా కూడా, తెర మీద కనబడేది కూడా. బొమ్మ బాగుంది అంటే కథ నచ్చిందా, డిస్క్ నచ్చిందా? ఇక్కడ ఇవ్వాల్సినవి రెండు తీర్పులు, సినిమా మీద ఒకటి, దాన్ని డిస్క్‌లోకి ఎక్కించిన పనితనం మీద ఇంకొకటి. గొప్ప సినిమాకు నాసిరకం డిస్క్ రావచ్చు, ఎవరికీ అక్కర్లేని సినిమాకు కళ్ళు చెదిరే డిస్క్ రావచ్చు (ఈ రెండోది తరచుగానే జరుగుతుంది, ఎందుకో మరి).

అసలు గొడవంతా ‘క్లియర్’ దగ్గర. ఫిల్ము మీద తీసిన సినిమాను దగ్గరగా చూస్తే సన్నటి రేణువులు కదులుతూ కనబడతాయి, గ్రెయిన్ అంటారు. అది దుమ్మూ కాదు, డిస్క్ లోపమూ కాదు. నలుపు-తెలుపు ఫిల్ములో అవి వెండి కణాలు. కలర్ ఫిల్ములో కడిగేటప్పుడు వెండి పోతుంది, అది ఉన్నచోట చిన్న చిన్న రంగు మచ్చలు మిగులుతాయి. బొమ్మ అంతా వాటితోనే తయారైంది. వాటిని ‘శుభ్రం’ చేయబోతే చర్మం మీది ముడతలు, బట్ట నేత, గడ్డం వెంట్రుకలు కూడా వాటితోపాటే పోతాయి. 1987 నాటి ‘ప్రిడేటర్’కు 2010లో వచ్చిన బ్లూ-రే ఇందుకు పేరుమోసింది. గ్రెయిన్ తుడిచేసరికి మనుషుల మొహాలు మైనం పూసినట్టు తయారయ్యాయి. మన కొలత ప్రకారం అది క్లియర్‌గా ఉన్నట్టే! గ్రెయిన్‌ను ఉన్నదున్నట్టు ఉంచిన డిస్క్‌నేమో ‘చుక్కలు చుక్కలుగా ఉంది, క్లారిటీ లేదు’ అని తిడతాం.

అందుకే అడుగుతున్నా, గ్రెయిన్‌ని ఏమందాం? ‘నలుసు’ అన్నారు ఒక మిత్రుడు. నలుసు కంట్లో పడేది, తీసిపారేయాల్సింది, ఆ పేరు పెట్టామంటే విచారణ లేకుండా శిక్ష వేసినట్టే. ‘పలుకు’ అంటే చిన్న గట్టి తునక అనే అర్థం ఉంది, నాకు చాలా ఇష్టం కూడా, కానీ ‘ఈ సినిమాలో పలుకు బాగుంది’ అని రాస్తే డైలాగుల గురించి అనుకుంటారు. ‘రేణువు’ కాస్త పుస్తకాల మాటే అయినా మంచికీ చెడుకీ మొగ్గదు. గ్రెయిన్ అనే ఉంచేద్దామన్నా సరే, అది దోషం కాదని తెలిసేలా వాడితే చాలు.

మిగతావాటికి కొత్త పేర్లు పుట్టించే పని లేదనుకుంటా, క్రియలు వాడితే సగం పని అయిపోతుంది. చీకటి సీనులో నల్లకోటూ వెనక గోడా కలిసిపోయి ఏదేదో తెలియకపోతే, నలుపు ముద్దకట్టింది. డేటా చాలక పొగా నీళ్ళూ చదరాలుగా విడిపోతే, గళ్ళు పడింది. ఒక రంగులోంచి ఇంకో రంగులోకి నున్నగా జారాల్సిన ఆకాశం మెట్లుమెట్లుగా దిగితే, చారలు కట్టింది. (మామూలు బ్లూ-రేలో ఛాయల లెక్కకు 8 బిట్లు, అంటే గరిష్ఠంగా 256 మెట్లు. 2016 నుంచి వస్తున్న 4కే డిస్క్‌లలో 10 బిట్లు, 1024 మెట్లు, అందుకే అక్కడ చారలు తక్కువ.) ఇక పదును కోసం అంచుల్ని కృత్రిమంగా దిద్దితే మనిషి చుట్టూ సన్నటి తెల్లగీత వస్తుంది, ఇంగ్లీషులో హేలో. చంద్రుడి చుట్టూ వచ్చేదాన్ని మనం వరదగుడి అంటాం, గుడి కట్టింది అంటాం. ‘అంచులకు గుడి కట్టింది’ అని ఎవరైనా రివ్యూలో రాస్తే ఆ రివ్యూ చివరిదాకా చదువుతాను, ఒట్టు.

జవాబు:
ఇదంతా బాగానే ఉంది గురువుగారూ, కానీ నాది 55 అంగుళాల టీవీ, సోఫా పది అడుగుల దూరం. ఈ రేణువులూ గుళ్ళూ నాకేం కనబడతాయి? నాలాంటివాడికి ‘క్లియర్‌గా ఉంది’ అంటే చాలదా?

మళ్ళీ నేను:
కొన్ని కనబడవు, నిజమే. అంత దూరం నుంచి 1080కీ 4కేకీ మధ్య గీతల లెక్కలో తేడా మామూలు కంటికి దాదాపు తెలియదు. కానీ ముద్దకట్టిన నలుపు, మైనం మొహాలు, మారిపోయిన రంగులు, ఇవి ఎంత దూరం నుంచైనా తెలుస్తాయి. మీరన్నదాన్ని బట్టే ఇంకోటి తోస్తోంది, ఎంత తెర మీద, ఎంత దూరం నుంచి చూశారో రివ్యూలో చెప్పాలి. టీవీలో మోషన్ స్మూతింగ్ ఆపారా లేదా అన్నది కూడా. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాలోకి టీవీ తన సొంత ఫ్రేములు కల్పించి చొప్పిస్తే అది సీరియల్‌లా కనబడుతుంది, నిందేమో డిస్క్ మీద పడుతుంది.

జవాబు:
బ్లూ-రేనే తెలుగు చేసేస్తే పోలా? ‘నీలికిరణ ఫలకం’!

జవాబు:
దయచేసి వద్దండీ. ఆ డిస్క్‌ను చదివే లేజర్ తరంగదైర్ఘ్యం 405 నానోమీటర్లు, నీలం కన్నా ఊదాకే దగ్గర. పైగా ట్రేడ్‌మార్క్ కోసం ఇంగ్లీషులో బ్లూ చివరి ‘ఈ’ అక్షరం ఎగరగొట్టి కట్టిన పేరు అది, దాన్ని మళ్ళీ మామూలు మాట అనుకుని అనువదించడం ఏమిటి? డీవీడీని ఎవరూ తెలుగు చెయ్యలేదు, బానే బతికింది.

జవాబు:
‘కోసేశారు’ అనే మాట కూడా ఈ చర్చలో చేర్చండి. తెర మీద పైనా కిందా నల్లపట్టీలు కనబడగానే ‘బొమ్మ కోసేశారు’ అంటారు మావాళ్ళు. 2.39:1 వెడల్పుతో (ఎత్తుకు 2.39 రెట్లు) తీసిన సినిమాను మన టీవీల 16:9 తెరలో పూర్తిగా చూపించాలంటే ఆ పట్టీలు తప్పవు, 1080 గీతల్లో బొమ్మకు దక్కేవి సుమారు 800. పట్టీలు లేకుండా తెర నిండా వచ్చిందంటేనే, చాలాసార్లు, పక్కలు కోసేసినట్టు. అంటే ఆ మాట కూడా తలకిందులుగానే వాడుతున్నాం.

మళ్ళీ నేను:
చాలా బాగా పట్టుకున్నారు. అయితే కొందరు దర్శకులు ఎత్తు ఎక్కువగా తీసి, హాలుకు మాత్రం పైనా కిందా మూసి చూపిస్తారు. అలాంటి సినిమా తెర నిండా వస్తే పక్కలు కోసినట్టు కాదు, మూసినది తెరిచినట్టు. కాబట్టి ‘కోశారు’ అనే ముందు ఎలా తీశారో తెలియాలి.

జవాబు:
సౌండ్ సంగతి వదిలేశారేం? ‘లాస్‌లెస్’ను ఒక వ్యాసంలో ‘నష్టరహిత ధ్వని’ అన్నారు, వ్యాపార ప్రకటనలా ఉంది.

మళ్ళీ నేను:
హహ. దానికి మన దగ్గర ‘చెక్కుచెదరని’ ఉందిగా. కుదించి దాచినా విప్పినప్పుడు ఒక్క బిట్ కూడా మారదు, లాస్‌లెస్ అంటే అంతే. కానీ అట్ట మీద డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో అనో డాల్బీ ట్రూహెచ్‌డీ అనో (రెండూ లాస్‌లెస్ పద్ధతులే) ఉన్నంత మాత్రాన సౌండ్ బాగుంటుందని కాదు, మిక్సింగ్ పాడుగా ఉంటే ఆ పాడు కూడా చెక్కుచెదరకుండానే వస్తుంది. హాలు కోసం చేసిన మిక్స్‌ను అలాగే ఎక్కించేస్తే గుసగుసలు వినపడవు, పేలుళ్ళు ఇల్లు అదరగొడతాయి. రిమోట్ చేత్తో పట్టుకుని పెంచుతూ తగ్గిస్తూ కూర్చోవాల్సి వస్తే రివ్యూలో ఆ సంగతి ఉండాలి, టీవీ స్పీకర్లతో విన్నారా, విడిగా పెట్టుకున్న స్పీకర్లతో విన్నారా అన్నది కూడా.