పెద్ద మట్టి బొమ్మ కిల్న్‌లో (మట్టి వస్తువులు కాల్చే బట్టీలో) పేలకుండా ఉండాలంటే?

ప్రశ్న: స్కూల్లో ఆర్ట్ కింద ఈ ఏడాది అడ్వాన్స్‌డ్ సిరామిక్స్ తీసుకున్నాను. సారె మీద గిన్నెలు బానే వస్తున్నాయి కానీ ఇప్పుడు పెద్ద తల బొమ్మ చేయాలి, కిల్న్‌లో పేలుతుందేమోనని టెన్షన్. లోపల గాలి బుడగలుంటే పేలుతుందంటారు, నిజమేనా?

జవాబు: గాలి కాదు, తడి. మట్టిలో మిగిలిన నీరు 100 డిగ్రీలు దాటగానే ఆవిరై, బయటికి దారి లేక బొమ్మని పగలగొడుతుంది. మట్టి కాస్త గట్టిపడ్డాక తల పైభాగం తీగతో కోసి, లోపల తవ్వి గోడని సెంటీమీటరు మందానికి తెచ్చి, అంచులు గీరి పల్చటి మట్టి రాసి మళ్లీ అతికించు. కనపడని చోట చిన్న రంధ్రం వదులు. ఆరిందో లేదో చెంపకి ఆనించి చూడు, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

జవాబు: 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు అక్కడే ముడుచుకుంటుంది. ఇది మరీ వేగంగా జరిగితే బొమ్మ పగులుతుంది. కాబట్టి కిల్న్ మూత తొందరపడి తీయొద్దు.

జవాబు: ఎండిన బొమ్మని ఉప్పుకాగితంతో రుద్దకు, ఆ సిలికా దుమ్ము ఊపిరితిత్తులకి చెడు. తడి స్పాంజి చాలు. అడుగున గ్లేజ్ (గాజులా మెరిసే పూత) తుడవకపోతే బొమ్మ కిల్న్ లోపలి అరకి అతుక్కుపోతుంది, అదీ చూసుకో.

ప్రశ్న అడిగినవారు: తల కోయడమా! సరే, జుట్టు మొదలయ్యే చోట కోస్తే అతుకు కనపడదేమో.