అప్‌డేట్: మా పందులు ఎందుకు కుంటుతున్నాయో తెలిసింది

శంషాబాద్ అవతల మా ఫారంలో నాలుగు నెలల పందులు కుంటుతున్నాయి, పెన్సిలిన్ పనిచేయట్లేదు అని పోయిన నెల అడిగాను కదా. ఇంకా మందు వేయని పంది నుంచి కీలు నీరు తీయించమన్నారు మీరు.

మొదటిసారి నేనే చెడగొట్టాను. మూడు రోజులు ఇంజెక్షన్లు పడ్డదాన్ని చూపించాను. కల్చర్‌లో (ల్యాబ్‌లో క్రిములని పెంచి చూసే పరీక్ష) ఏమీ పెరగలేదు, డబ్బులు దండగ. రెండోసారి, ఆ పొద్దున్నే కుంటడం మొదలుపెట్టిన రెండిటిని పట్టుకున్నాం. డాక్టర్ గారు వెంట్రుకలు గీసి, స్పిరిట్‌తో తుడిచి, వెనక కాలి మడమ కీలులోంచి సిరంజితో లాగారు. చీము లేదు. పసుపుపచ్చటి పల్చటి నీరు, కాస్త ఎర్రజీర. ఐస్ డబ్బాలో పెట్టుకుని రాజేంద్రనగర్‌లో ల్యాబ్‌కి పరుగు (ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్‌లో ఒకటే టెన్షన్).

పీసీఆర్‌లో (క్రిమి డీఎన్ఏని పట్టే పరీక్ష) మైకోప్లాస్మా హయోసైనోవియే అని వచ్చింది, పందుల కీళ్ళకి పట్టే బాక్టీరియా. కీళ్ళకి పట్టే ఇంకో బాక్టీరియా, స్ట్రెప్టోకాకస్ సూయిస్, లేదు. ఈ సూయిస్ ఎక్కువగా పాలు మాన్పిన పిల్లల్లో కనిపిస్తుందట. మైకోప్లాస్మాకి కణం చుట్టూ గోడే ఉండదు, పెన్సిలిన్ దెబ్బ కొట్టేదేమో ఆ గోడనే. ఇక పనిచేయమంటే ఎలా చేస్తుంది!

డాక్టర్ గారు లింకోమైసిన్ అనే వేరే యాంటీబయాటిక్‌కి మార్చారు. నాలుగో రోజుకి కుంటుతున్న ఆరింటిలో నాలుగు తొట్టి దాకా నడుస్తున్నాయి. మిగతా రెండిటికి గరుకు గచ్చు మీద గిట్టలు చీలాయి, అది వేరే గొడవ.