శాపం భయపెడుతోంది, రహస్య లోకంలోకి వెళ్లగానే ఆ భయం పోతోంది. ఏం చేయాలి?

అటకమీది పిల్లి:
నవల రాస్తున్నాను, సగానికొచ్చి ఆగిపోయింది. ముత్తవ్వ ఎప్పుడో అన్న మాట వల్ల ఆ ఇంట్లో తరానికొకరి నీడ మాయమవుతుంది, పోయిన నీడలన్నీ మెట్ల కింది గది వెనకున్న ఊళ్లో కాపురముంటాయి. ఇంట్లో జరిగే అధ్యాయాలు చదివి నా స్నేహితురాలు రాత్రంతా లైటు ఆర్పలేదట. కానీ కథలో అమ్మాయి ఆ ఊళ్లో అడుగుపెట్టగానే పోట్లాడుకునే గొడుగులు, టోపీ పెట్టుకున్న తాబేలు, ఇవన్నీ వచ్చేసి టెన్షన్ మొత్తం పోతోందంది. వాటిని తీసేయనా? నాకు మనసొప్పడం లేదు.

చీకటిగది:
తీసేయకండి. తాబేలుకీ శాపానికీ ఏ సంబంధమూ లేదు, అదొక్కటే ఇబ్బంది. 2002లో వచ్చిన నీల్ గైమన్ పిల్లల నవల ‘కొరలైన్’లో, తలుపు అవతలి లోకంలో ఆ పిల్లకి కనిపించే ఇంకో అమ్మకి కళ్ల చోట గుండీలుంటాయి. చూడ్డానికి బొమ్మలాగే ఉంటుంది, కానీ నువ్విక్కడే ఉండాలంటే నీ కళ్లకీ గుండీలు కుడతానంటుంది చూడండి, అప్పుడు వణుకొస్తుంది. వింతా భయమూ రెండూ ఆ గుండీలోనే ఉన్నాయి.

పాతపేజీ:
భారతం ఆదిపర్వంలో ఉదంకుడి కథ మళ్లీ చదవండి. తక్షకుడు కుండలాలు ఎత్తుకుపోతే వెంటపడి, నేలలో కన్నం గుండా నాగలోకానికి వెళ్తాడు. అక్కడ ఇద్దరు ఆడవాళ్లు తెల్ల దారాలూ నల్ల దారాలూ కలిపి బట్ట నేస్తుంటారు, ఆరుగురు పిల్లలు చక్రం తిప్పుతుంటారు. ఏదో ఆటలా ఉంటుంది, కానీ ఆ దారాలు పగలూ రాత్రీ, ఆ పిల్లలు ఆరు ఋతువులు! పైకొచ్చాక ఆ కోపం చల్లారక జనమేజయుణ్ణి సర్పయాగానికి ఉసిగొల్పుతాడు. ఆ యాగంలో కాలిపొండని పాముల్ని శపించింది వేరెవరో కాదు, కన్నతల్లి కద్రువ. సవతితో కాసిన పందెం గెలవడానికి గుర్రం తోకకు చుట్టుకుని నల్లగా కనిపించండంటే పిల్లలు ఒప్పుకోలేదు, అంతే. ఆ కారణం అంత చిన్నది కాబట్టే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఇంతకీ మీ ముత్తవ్వ ఏమంది? అది మీరు చెప్పనే లేదు.

నీలిసిరా:
ఆ కథలోనే ఇంకొకటి. యాగం ఆపిన ఆస్తీకుడి తల్లి నాగకన్య, తండ్రి ముని, ఇద్దరి పేరూ జరత్కారువే. తన పేరే ఉన్న పిల్లనైతేనే పెళ్లాడతానని ఆ ముని పట్టుబట్టాడు మరి. నవ్వొచ్చే షరతే, కానీ పాముల ప్రాణాలు నిలబడింది దాని వల్లే. మీ శాపానికి విరుగుడు కూడా అలా ఇంట్లోంచే రానివ్వండి, బయటినుంచి మంత్రగాణ్ణి మాత్రం తేవద్దు, ప్లీజ్.

అటకమీది పిల్లి:
పాతపేజీ గారూ, మీరడిగేదాకా ఆ మాట నాకే తెలియదు, నిన్న రాత్రి కూర్చుని రాశాను. కొంగు పట్టుకుని ఏడుస్తున్న కూతురితో ముత్తవ్వ విసుగ్గా “నా వెంట తిరగకు, పో” అంటుంది. పిల్ల కదల్లేదు, దాని నీడ మాత్రం వెళ్లిపోయింది. గొడుగులు ఎందుకు పోట్లాడుకుంటున్నాయో కూడా తెలిసింది, దిక్కులేని నీడలు తలదాచుకునేది వాటి కిందే, ఏ నీడ ఏ గొడుగుదన్నదే గొడవ. తాబేలుకి టోపీ తీసేశాను. ఇప్పుడు దానికి రెండు నీడలున్నాయి, ఒకటి చిన్నపిల్లది.