ఏడో నెలలో పుట్టిన పాపకి: తల్లిపాలల్లో పొడి కలపాలా, వద్దా?

రాత్రిపూట_అమ్మ:
మా పాప 30 వారాలకే పుట్టింది, 1,250 గ్రాములు. ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) 42 రోజులుండి 1,720తో ఇంటికొచ్చాం. వచ్చాక వారం మొత్తంలో 80 గ్రాములే పెరిగింది. పిండిన పాలల్లో హెచ్‌ఎంఎఫ్ (తల్లిపాలకి పోషకాలు చేర్చే) పొడి కలిపి రోజుకి నాలుగుసార్లు ఉగ్గుగిన్నెతో పట్టమన్నారు డాక్టరుగారు, ప్రొటీన్ కోసమట. తల్లిపాలల్లో పొడి కలపడమేంటని అత్తయ్య రెండ్రోజులుగా నాతో మాట్లాడట్లేదు. నా పాలు నీళ్ళలా ఉన్నాయేమోనని నాకేమో ఏడుపొస్తోంది. మీరైతే ఏం చేస్తారు?

గోదారి_పెద్దమ్మ:
కలపకు తల్లీ. మా పెద్దాడు ఏడో నెలలోనే పుట్టాడు, అప్పుడీ పొడులెక్కడివి, దూదిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని పెంచా, ఇప్పుడు వాడికే ఇద్దరు పిల్లలు. నువ్వు సరిగ్గా తిను. పథ్యం పేరు చెప్పి పప్పు, గుడ్డు మానేసుంటావ్. నువ్వు తింటే ఆ బలం పాలల్లోకి వస్తుంది.

లెక్కల_నాన్న:
పెద్దమ్మా, బాలింత బాగా తినాలన్నది కరెక్టే, పథ్యాలు మానాలన్నదీ కరెక్టే, కానీ తల్లి ఎంత గుడ్డు తిన్నా పాలల్లో ప్రొటీన్ పెద్దగా మారదు. చెల్లీ, నీ పాలు నీళ్ళు కావు, ఏడవకు. పాపే తొందరపడి వచ్చేసింది. కడుపులో ఉండుంటే ఈ వారాల్లో బొడ్డుతాడు నుంచి అందాల్సిన సరుకు ఇప్పుడు నోటితో అందాలి. మాది 28 వారాల బాబు, డిశ్చార్జ్ అప్పుడు నేనే కూర్చుని లెక్కేశా. నెల దాటాక తల్లిపాలల్లో ప్రొటీన్ 100 ఎంఎల్‌కి సుమారు 1 నుంచి 1.2 గ్రాములు. మొదటి వారాల్లో ఇంకొంచెం ఎక్కువుంటుంది, తర్వాత తగ్గిపోతుంది. కిలోకి 160 ఎంఎల్ తాగితే అందేది 2 గ్రాముల లోపే. ఇంత చిన్న పిల్లలకి కావాల్సింది కిలోకి 3.5 నుంచి 4. 100 ఎంఎల్‌కి ఇంకో గ్రాము దాకా ఆ పొడి కలుపుతుంది కాబట్టి లెక్క దాదాపు సరిపోతుంది, అంతే.

కరీంనగర్_కోడలు:
అన్నా, మీ లెక్క ఎన్‌ఐసీయూల ఉన్న పిల్లలకు మంచిగనే ఉన్నది. ఇంటికొచ్చినంక గూడ అదేనా? పొడి అందరికీ రొటీన్‌గ అవసరం లేదు, 32 వారాల లోపు గానీ, కిలోన్నర లోపు గానీ పుట్టినోళ్లకు ఆలోచించొచ్చు అనే డబ్ల్యూహెచ్‌ఓ 2022ల చెప్పింది. ఆలోచించొచ్చు అన్నరు, కలపాల్సిందే అనలే. నేనైతే పిండుడు, గిన్నెలు మరిగించుడు, మళ్ల పట్టుడు, వీటితోనే తెల్లారేది, బిడ్డ రొమ్ము పట్టుడే మర్చిపోయింది. పైంగ చాలా పొడులు ఆవుపాలతోనే చేస్తరు. ముందుగాల కంగారూ కేర్, గదే బిడ్డను ఒంటికి ఆనించి ఎదమీద పెట్టుకునుడు, పెంచి, పూటకెంత తాగుతుందో చూడమను.

కొత్తమామ్_21:
వెనకపాలు పడితే చాలదా? చివర్లో చిక్కగా వచ్చేవి. మాకు కొబ్బరినూనె చుక్కలు కూడా వేయమన్నారు, బరువు బానే పెరిగింది మరి.

ఎన్‌ఐసీయూ_సిస్టర్:
కొత్తమామ్ గారూ, వెనకపాలల్లో ఎక్కువుండేది కొవ్వు, ప్రొటీన్ కాదు. నూనె కూడా అంతే. ప్రొటీన్ లేకుండా కేలరీలు మాత్రమే పెంచితే తూకంలో అంకె పెరుగుతుంది, పొడవు పెరగదు. అందుకే మేం వారానికోసారి పొడవు, తలచుట్టు కొలత కూడా రాస్తాం, ఇంట్లోవాళ్ళు మాత్రం బరువొక్కటే అడుగుతారు.

కరీంనగర్ అక్కా, మీరన్నదాంట్లో నిజముంది. ఇంటికెళ్ళాక బాగా పెరిగే పిల్లలకి మేమే పొడి ఆపిస్తాం. కానీ ఈ పాప పుట్టినప్పుడు మీరు చెప్పిన గీత లోపలే ఉంది, ఇప్పుడు రోజుకి 11 గ్రాములే పెరుగుతోంది, ఈ సైజుకి 25, 30 దాకా రావాలి. అయితే నేను పొడికంటే ముందు అడిగేది, పూటకెన్ని ఎంఎల్ పడుతోంది, రొమ్ము దగ్గర రెండు నిమిషాలకే నిద్రపోతోందా అని. ఆ సంగతి డాక్టరుగారికి చెప్పావా అమ్మా? ఇంకోటి, సాచెట్ ఎన్ని ఎంఎల్‌కో కంపెనీని బట్టి మారుతుంది. 10 ఎంఎల్ పాలల్లో సాచెట్ మొత్తం దులిపేసినవాళ్ళని చూశా, పాలు మరీ చిక్కనైపోతాయి, అలా చేయకు.

గోదారి_పెద్దమ్మ:
సరే, నాలుగు పూటలేగా, మిగతావి రొమ్ముకే పెట్టు. అయినా ఆ అంకెలన్నీ నాకర్థం కావు బాబూ.

రాత్రిపూట_అమ్మ:
సిస్టర్, నిజమే, రొమ్ము దగ్గర వెంటనే నిద్రపోతోంది, ఆ మాట డాక్టరుగారికి చెప్పలేదు, రేపు తూకానికెళ్ళినప్పుడు చెప్తా. పొడవు కూడా కొలవమంటా. అన్నయ్య లెక్క మావారికి చూపిస్తే అత్తయ్యకి ఆయనే చెప్తానన్నారు, చూడాలి. ఒక్క డౌటు, పొద్దున్నే నాలుగు పూటలకీ కలిపి ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చా?

ఎన్‌ఐసీయూ_సిస్టర్:
వద్దమ్మా. పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టుకో, పొడి మాత్రం ఏ పూటకాపూట కలుపు. గిన్నెలో మిగిలినవి పారబోసెయ్.