మన రేవుని చైనా సిరా బొమ్మలా వేయడం ఎలా?

లంకబాబు:
నాది ముక్తేశ్వరం. చైనా చిత్రకారుడు హువాంగ్ గోంగ్‌వాంగ్ వేసిన ఫూచున్ కొండల బొమ్మ ఫోన్‌లో చూసి మతిపోయిందండి. ఉత్త నల్ల సిరా, పక్కకి జరుపుతూ ఉంటే నది అలా వస్తూనే ఉంటుంది. కోటిపల్లి రేవుని అలా వేద్దామని పంటు మీంచి ఫొటో తీసుకొచ్చి డ్రాయింగ్ పేపర్ మీద మూడుసార్లు పాడుచేశా. గోదారి వేయబోతే బురదగుంట వస్తోంది. పైగా వాళ్లకి కొండలున్నాయి, మనకి కొబ్బరిచెట్టుని మించి ఎత్తేముంది? ఆ ఎర్ర ముద్రలూ రాతలూ దేనికో కూడా ఎవరైనా చెప్పండి.

పాతసిరా:
అసలు నీళ్లు వేయకండి, కాగితం వదిలేయండి, అదే నీళ్లు. ఫొటో కూడా పక్కన పడేయండి, అది ఒక్కచోట నిలబడి చూసింది. హువాంగ్ చిన్న ఉద్యోగం చేసి, జైలుకీ వెళ్లొచ్చి, ముసలితనంలో ఫూచున్ ఒడ్డున తిరుగుతూ బుద్ధిపుట్టినప్పుడల్లా కాస్త కాస్త గీశాడు. ఏళ్లు పట్టింది, 1350లో బొమ్మ మీద రాత రాసేనాటికి ఆయనకి 80 దాటాయి. ఆ నది ఒడ్డునే, చక్రవర్తి కొలువిస్తానన్నా వద్దని గాలం వేసుకుని బతికిన యెన్ గ్వాంగ్ చోటుంది. కోటిపల్లి అనగానే మనకి సోమేశ్వరుడి గుడి మెదిలినట్టు, చదువుకున్న చైనావాళ్లకి అక్కడ ఆయన మెదులుతాడు.

సానరాయి:
కొండల్లేవని బెంగెందుకండీ, నీ జాన్ అనే చైనా చిత్రకారుడి బొమ్మలు చూడండి. ఇవతల గట్టున నాలుగు బక్క చెట్లు, మధ్యలో ఖాళీ, అవతల పల్చగా ఓ గట్టు, మనిషన్నవాడు ఉండడు. అచ్చం మన లంకలే, ఆయ్! మీ పేపర్ సిరా పీల్చదు, అందుకే మడుగు కడుతోంది. వాళ్లది షువాన్ కాగితం, చుక్క పెడితే తాగేస్తుంది. సిరా కడ్డీని సాన మీద గంధం తీసినట్టు నీళ్లతో అరగదీస్తారు.

పాతసిరా:
ముద్రలు ఎక్కువగా, బొమ్మ చేతులు మారినప్పుడల్లా యజమానులు వేసినవి. చియెన్‌లుంగ్ చక్రవర్తి ఈ ఫూచున్ బొమ్మ నకలుని అసలనుకుని ఖాళీ అంతా రాతలతో నింపేశాడు. మరుసటి ఏడు అసలుది వస్తే ఇదే నకలని తేల్చాడు, దాంతో అసలుది రాతలు పడకుండా బతికిపోయింది! అంతకుముందే, 1650లో, ఓ యజమాని చచ్చిపోతూ దాన్ని కాల్చమన్నాడు, బంధువొకడు మంటలోంచి లాగాడు. రెండు ముక్కలైంది, పెద్దది తైపేలో, చిన్నది హాంగ్‌జౌలో. 2011లో పక్కపక్కన పెట్టి చూపించారు.

లంకబాబు:
ఇవాళ మంచులో వెళ్లి గీశా. అవతలి గట్టు ఒక్క గీత, పంటు ఓ మచ్చ, మిగతా అంతా కాగితమే. మా అమ్మ చూసి, "వరదొచ్చిందేంట్రా, ఊరంతా మునిగిపోయింది?" అంది.