క్రిస్మస్ రోజు కూడా పిల్లాడికి వేరే వండాలా?

హన్మకొండ కోడలు:
మా బాబుకు నాలుగున్నరేళ్లు. తినేవి పెరుగన్నం, కారం లేని ఉత్త పప్పు, ఆలుగడ్డ వేపుడు, దోశ. అంతే. అన్నంలో కొత్తిమీర ఆకు కనిపించినా పళ్లెం పక్కకు నూకేస్తాడు. క్రిస్మస్‌కు ఫాతిమానగర్‌లో మా అత్తమ్మ వాళ్లింట్లో ముప్పై మందిమి కలుస్తాం. బగారన్నం, యాట కూర, కోడి వేపుడు, పెరుగు చట్నీ, డబల్ కా మీఠా, నా పెళ్లయిన నాటి నుంచి ఒక్క ఐటమ్ మారలేదు. పోయినసారి వాడి కోసం దోశ పిండి డబ్బాలో పెట్టుకొని పోయాను. అందరి ముందు మా అత్తమ్మ "మా ఇంట్ల పండుగ పూట తిండి దొరకదనా పిండి తెచ్చుకున్నవ్?" అన్నది. పెద్దమామ అయితే "రెండు పూటలు పస్తు పెట్టు, మూడో పూటకు అన్నీ తింటడు" అన్నాడు. వాడసలే ముందు రోజు రాత్రి పన్నెండింటి పూజకు వచ్చి నిద్ర లేకుండా ఉన్నాడు. ఎవరో నోట్లో ముద్ద కుక్కితే వాంతి చేసుకొని, ఏడ్చి ఏడ్చి ఆకలితోనే పడుకున్నాడు. ఈసారి పిండి తీసుకుపోవాలా వద్దా? ఇప్పటి నుంచే టెన్షన్. మొహమాటం లేకుండా చెప్పండి.

జగిత్యాల పెద్దమ్మ:
కోపం తెచ్చుకోకు బిడ్డా, పిండి డబ్బా తీసుకుపోవడం తప్పే. మా చిన్నప్పుడు పదకొండు మందికి ఒకటే గంజు. మా నాయనది మెదక్ దిక్కు. అక్కడి పెద్ద చర్చిని కరువు రోజుల్లో పనికి వచ్చినవాళ్లకు తిండి పెట్టి కట్టించారని, 1924లో క్రిస్మస్ రోజే తెరిచారని ప్రతి పండుగకూ చెప్పేవాడు, చెప్పుకుంటూనే మా పళ్లాల్లో మిగిలిన మెతుకులు చూసేవాడు. మిగిలిస్తే వీపు మోగేది. అట్లాంటి ఇళ్లలో పెరిగినవాళ్లకు పళ్లెం నూకేసే పిల్లోణ్ణి చూస్తే పాణం మండుతది, మీ అత్తదీ అదే బాధ కావచ్చు. మీరేమో ఫోన్ చూపించి ఒక ముద్ద, కాకిని చూపించి ఒక ముద్ద. ఏడాదికి ఒక్కరోజు కూడా వేరే పొయ్యి అంటే ఇక అందరం కలిసి కూర్చునేది ఎందుకు?

కాజీపేట నాన్న:
పెద్దమ్మా, మీ మీద గౌరవంతోనే అంటున్నా, వాళ్ల పెద్దమామ చెప్పిన ఆ పస్తుల లెక్క తప్పు. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది నిండేసరికి దాదాపు 9 కిలోలవుతుంది, ఆ తర్వాతి ఏడాదంతా కలిపినా పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుంది, మనం మాత్రం పాత కొలతతోనే పళ్లెం నింపుతాం. పైగా రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా కొత్త తిండి అంటే భయపడే వయసు. కొందరు పిల్లల ముందు ఒకే పదార్థాన్ని పది పదిహేనుసార్లు పెడితే గానీ నోట్లో పెట్టుకోరు, మనం మూడోసారికే వీడికి ఇది పడదు అని తేల్చేస్తాం. బలవంతం చేస్తే ఏమవుతుందో నేను ఇంట్లోనే చూశాను. మా పాపకు మూడేళ్లప్పుడు ముక్కు మూసి మరీ కోడిగుడ్డు తినిపించాను. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు, గుడ్డు ఉడుకుతున్న వాసన వస్తే లేచి బయటికి పోతుంది. తప్పు నాదే.

ఏం వండాలి, ఏ టైముకు పెట్టాలి, ఎక్కడ కూర్చోవాలి మన ఇష్టం. తినాలా వద్దా, ఎంత తినాలి వాడి ఇష్టం. అందుకే చెల్లె, డబ్బా వద్దు గానీ వాడు తినేది ఒకటి అందరి మధ్యలో ఉండాలి. వాడి ఒక్కడికే దోశ వస్తే ముప్పై మంది కళ్లూ వాడి మీదే ఉంటాయి. పెరుగన్నం పెద్ద గిన్నెలో కలిపి పెట్టండి, ముసలోళ్లూ తింటారు. ఇంకోటి, అన్నం తినలేదని పొద్దంతా పాలు పట్టకండి, రోజుకు అర లీటరు దాటితే ఆకలి చచ్చిపోతుంది, రక్తం కూడా తగ్గుతుంది. బరువు తగ్గుతున్నా, గట్టి ముద్ద ఏది పెట్టినా ఓకరిస్తున్నా, తినే నాలుగూ రెండవుతున్నా మొండితనం అనుకోకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి.

ములుగు రోడ్డు:
ఇంతకీ పిల్లాడి నాన్న ఎక్కడున్నాడు ఈ కథలో? డబ్బా ఆయన చేతిలో ఉంటే వాళ్లమ్మ ఆ మాట అనేదా?

లండన్‌లో కరీంనగర్:
ఇక్కడా ఇదే లొల్లి. టర్కీ కోడి రోస్ట్, ఆలుగడ్డల రోస్ట్, వాటి పక్కన బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ అని గోలీల్లాంటి చిన్న క్యాబేజీలు. అవి నిజంగానే చేదు, కొందరి నాలుకకు పుట్టుకతోనే ఆ చేదు ఎక్కువ తెలుస్తుంది, ఎక్కువసేపు ఉడికిస్తే గంధకం కంపు కూడా. పోయినేడు పక్కింటివాళ్లు భోజనానికి పిలిస్తే పోయాం. వాళ్ల నానమ్మ "ఒక్కటైనా తినరా" అని మనవణ్ణి బతిమాలుతున్నది, వాడు దాన్ని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. నేను చూశాను, చెప్పలేదు. చివర్లో క్రిస్మస్ పుడ్డింగ్ మీద బ్రాందీ పోసి మంట పెడితే పిల్లలంతా ఉరికి వచ్చారు, తినమంటే ఒక్కడు లేడు. మన బగారన్నానికి అంత చెడ్డపేరేం లేదు.

ఓరుగల్లు వంటిల్లు:
కారం సంగతి ఎవరూ మాట్లాడరేం? మన యాట కూర తిని హైదరాబాద్ చుట్టాలే చెంబెడు నీళ్లు తాగుతారు, నాలుగేళ్ల పిల్లాడు ఎట్లా తింటాడు? ముక్కలు ఎట్లాగూ ముందు ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి వేసి కుక్కర్లో ఉడికిస్తాం కదా, కారం పడకముందే ఆరు ముక్కలు, ఇంత రసం చిన్న గిన్నెలోకి తీసిపెట్టండి. వేరే పొయ్యి కాదు, పెద్దమ్మ చెప్పిన ఆ ఒక్క గంజే. బగారన్నంలో పిల్లలకు చిరాకు పుట్టించేది పంటికి తగిలే లవంగం, నాలుకకు అంటే పుదీనా ఆకు. లవంగాలు, చెక్క నూనెలో వేగాక తీసేయండి, వాసన నూనెకు పట్టే ఉంటుంది. ముక్కను చిన్నగా తుంచి, బొక్క పొడి లేకుండా చూసుకోండి.

జగిత్యాల పెద్దమ్మ:
గంజులోంచి తీసిపెడితే నాకేం అభ్యంతరం లేదు. మా అమ్మ కూడా తీసేది, పాలు మరిచిన పిల్లలకు. నాలుగున్నరేళ్ల పోరడికి కాదు.

కాజీపేట నాన్న:
అంటే వయసు దగ్గర పేచీ అన్నమాట.

హన్మకొండ కోడలు (26వ తారీఖు రాత్రి):
ములుగు రోడ్డు అన్నగారి మాట మా ఆయనకు చదివి వినిపించాను. ముందు రోజు వాళ్లమ్మకు ఫోన్ చేశాడు, చెప్పాల్సిన దాంట్లో సగమే చెప్పాడు. అయినా అత్తమ్మ కారం లేని ముక్కలు పక్కకు తీసింది, పెరుగన్నమూ కలిపింది. బాబు ముక్కల దిక్కు చూడలేదు. బగారన్నం పది మెతుకులు, అవీ ఒక్కొక్కటి ఏరి. పెరుగన్నం మాత్రం రెండుసార్లు వేయించుకున్నాడు. అందరం మంచిగానే ఉన్నాం అనుకుంటుండగా పెద్ద పిల్లలు నల్లి బొక్కలు తీసుకొని స్టీలు పళ్లేల మీద టకటక కొట్టి మూలుగ పీల్చడం మొదలుపెట్టారు. వీడు లేచిపోయి ఒక బొక్క తెచ్చుకున్నాడు. పావుగంట కొట్టాడు. చెవులు పోయాయి. ఒక్కసారి నాకాడు, మొహం అదోలా పెట్టాడు, మళ్లీ కొట్టాడు. అత్తమ్మ ఇల్లంతా తిరిగి "నల్లి తిన్నడు నా మనుమడు" అని చెప్పుకున్నది. తినలేదు, నాకాడంతే. నేనేమీ అనలేదు.

ఇంటికొచ్చాక రాత్రి రెండు దోశలు తిన్నాడు. అది తెలిసి పెద్దమామ ఫోన్ చేసి "చూసినవా, ఆకలైతే ఎట్ల తిన్నడో" అంటున్నాడు.

జగిత్యాల పెద్దమ్మ:
అది సరే గానీ, ఆ నల్లి ఎవరి పళ్లెంలోంచి తెచ్చుకున్నాడు?

హన్మకొండ కోడలు:
పెద్దమామ పళ్లెంలోంచే.